పసుపు పూసుకొచ్చిన సాలెపురుగు

మొన్న ఎండాకాలం మొదట్లో జగిత్యాలలోని మా గల్లీలోకి కరెంటు మనుషులు వచ్చి, తీగలకు తగులుతున్న వేపకొమ్మలన్నీ కొట్టేసి, వాటిని రోడ్డు మీదే వదిలేసి వెళ్ళిపోయారు. పచ్చికొమ్మ నరికినప్పుడు వచ్చే వాసన ఎండిన వేపాకు వాసనలా ఉండదు. అందులో చేదుతో పాటు జిగురు వాసన, తడి బెరడు వాసన కలిసి ఉంటాయి, పీల్చిన కాసేపటికి నాలుక వెనక కూడా చేదు తగులుతుంది. మా పై పోర్షన్‌లో ఉండే స్వప్న కూతురికి అప్పుడే ఆటలమ్మ పోసింది. డాక్టరు గోలీలూ, ఒంటికి పూసుకునే గులాబీరంగు మందూ రాసిచ్చాడు. ఆ పిల్ల బడి తప్పిన సంబరంలో మంచం మీద బోర్లా పడుకొని ఫోను చూస్తూ చిప్స్ తింటోంది. ఊర్లో ఉన్న అత్తగారు ఫోన్‌లో పోరుపెడుతుంటే ఆమె మాట తీసెయ్యలేక, నాలుగు రెబ్బలు పక్కలో వేద్దామని స్వప్న కిందికి దిగి ఒక కొమ్మ అందుకుంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మా అవ్వ, మామూలుగా మోకాళ్ళు పట్టుకొని మూలుగుతూ లేచే మనిషి, ఒక్క ఉదుటున వెళ్ళి ఆ కొమ్మ లాక్కొని, ప్రహరీగోడకేసి దబదబా బాది, ఒక్కొక్క రెబ్బా తిరగేసి చూసి, అప్పుడు స్వప్న చేతికిచ్చింది. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం.

"ఇట్ల కొట్టుడు గూడ పద్ధతేనా ఆంటీ? నాకు తెల్వదు," అని స్వప్న అమాయకంగా అడిగింది.

అవ్వ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆ దెబ్బల వెనక ఉన్న కథ నాకు మొత్తం తెలుసని ఆ సాయంత్రం దాకా అనుకుంటూ ఉన్నాను.

నా చిన్నప్పుడు మేం కోరుట్లలో ఉండేవాళ్ళం. చిన్న పెంకుటిల్లు, ముందు వాకిలి, వాకిట్లో నీళ్ళగోలెం, గోలెం పక్కన తులసి, తరవాత వసారా, దాన్ని దాటితే నడిమిల్లు, దాని వెనక లోపలి అర్ర. ఆ అర్రకు కిటికీ లేదు. పైన పెంకుల మధ్య ఒక గాజుపలక బిగించి ఉండేది, దాంట్లోంచి పగలు ఒక చదరం వెలుగు గోడ మీద పడి, పొద్దుతో పాటు మెల్లగా కిందికి దిగి, నేల మీద పాకి, సాయంత్రానికి ధాన్యం గుమ్మి వెనక్కి పోయి ఆరిపోయేది. మా బాపు మస్కట్‌లో పనిచేసేవాడు. ఇంటి పెత్తనం మా నాయినమ్మది. ఆమె సన్నగా, చిన్నగా ఉండేది కానీ గొంతు మాత్రం వీధి చివరి పిండిగిర్ని దాకా వినపడేది. ఉదయం లేస్తూనే నోట్లో పొగాకు పెట్టుకునేది, దాంతో ఆ తర్వాత కాసేపు చేతి సైగలతోనే ఇల్లు నడిపేది, ఆ కాసేపే మాకు ప్రశాంతంగా ఉండేది.

అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. సాలోళ్ళ ఇల్లు, మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. ఎవరు పిలిచినా గట్టిగా పలికేది. అది మగ్గాల పక్కన పెరిగిన అలవాటు, కానీ నాయినమ్మ దాన్ని పొగరు అనుకునేది. పెళ్ళయి వచ్చిన కొన్నాళ్ళకు అవ్వ గొంతు తగ్గింది. మధ్యాహ్నాలు వసారాలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు మీద రేకుముక్క ఆనించి కత్తెరతో చకచకా కోసి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, చివర గోటితో మడిచే ఆ వరస చూస్తుంటే నాకు నిద్ర వచ్చేది. నా తమ్ముడు చిన్నోడు అప్పుడప్పుడే పరుగులు నేర్చుకుంటున్నాడు. వాడికి ఏ వస్తువునైనా తిరగేసి కింద ఏముందో చూడాలన్న పిచ్చి ఉండేది. చెంబులు, గంపలు, చెప్పులు, నాయినమ్మ పొగాకు డబ్బా, ఏదీ మిగలనిచ్చేవాడు కాదు.

ఎండాకాలం వచ్చిందంటే గల్లీ పిల్లలందరికీ మా వాకిలే అడ్డా. నీడపట్టున కచ్చకాయలు, గవ్వలతో పచ్చీసు, పొద్దు వాలాక దాగుడుమూతలు. మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకొని తిని పళ్ళు పులిసిపోయేవి. కుండలో నీళ్ళకు వట్టివేళ్ళ వాసన పట్టేది. ఉగాది దగ్గర పడుతుంటే ఇంటింటా శనగపప్పు ఉడికి, బెల్లంతో కలిసి, రోట్లో రుబ్బుతుంటే ఆ వాసనకు ఆట మధ్యలోనే ఒకరొకరుగా ఇళ్ళకు జారుకునేవాళ్ళం. భక్ష్యాలు పెనం మీంచి తీస్తుండగానే, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ నెయ్యితో తినడం ఉగాదికి మాకు తెలిసిన అర్థం.

ఆ ఏడు ఉగాది ముందే నాకు అమ్మతల్లి పోసింది. మొదట ఒళ్ళు కాలింది, తరవాత వీపు మీద, పొట్ట మీద నీటిపొక్కులు లేచాయి. నాయినమ్మ నా చొక్కా ఎత్తి చూసి, నోట్లోని పొగాకు ఉమ్మేసి, రెండు చేతులూ జోడించింది. అంతే, ఇంటి చట్టం మారిపోయింది. పోపు పెట్టొద్దు, ఆ వాసన తల్లికి పడదు. తల దువ్వొద్దు. బట్ట బండకేసి కొట్టొద్దు. బీడీలు బంద్. ఇంట్లోంచి ఎవరికీ ఏదీ ఇవ్వొద్దు, ఇంటివాళ్ళు గడప దాటి దూరం పోవద్దు, బయటివాళ్ళు గడప దాటి లోపలికి రావద్దు. ఇంట్లో ప్రాణమున్న దేన్నీ చంపొద్దు, దోమనైనా ఊదాలే తప్ప కొట్టకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం నాది: లోపలి అర్రలోంచి నేను కదలకూడదు, ఎండ పొడ తగలకూడదు. తల్లి ఒంటి మీద పోసింది, తనంతట తాను దిగేదాకా ఆమెను విసిగించకూడదు.

పక్కలో వేయడానికి వేపాకు కావాలి. పెరటి గోడ అవతలే లేత వేపచెట్టు ఉంది, కానీ నాయినమ్మకు అది ఆనలేదు. "పిల్లచెట్టు ఆకు పిల్లలకేం పనిజేస్తది," అని, ఊరి బయట చెరుకు తోటల దారిలో ఉన్న ముసలి వేపకు మనిషిని పంపింది. ఆ చెట్టు మొదలంతా తొర్రలే. అక్కడి నుంచి పెద్ద కొమ్మ ఒకటి వచ్చింది, నాయినమ్మ దాన్ని తుంచనివ్వకుండా నిండుగా నా మంచం పైన దూలానికి వేలాడగట్టించింది. గాలి లేని ఆ అర్రలో చేదువాసన కింద పడుకొని, దురద పెట్టినప్పుడల్లా వేపరెబ్బతో నిమురుకుంటూ, గాజుపలక వెలుగు గోడ దిగడం చూస్తూ గడిపేదాన్ని. బయట నా ఈడు పిల్లలు పచ్చీసు గవ్వలు విసురుతున్న చప్పుడు వినపడేది. ఎవరు గెలుస్తున్నారో అరుపుల్ని బట్టి తెలిసేది, నేను లేకుండా కూడా ఆట బాగానే సాగుతోందని అర్థమై ఏడుపు వచ్చేది.

దాన్ని ముందు చూసింది నేనే. వెలుగు చదరంలోకి, గోడ పైనుంచి, నా అరచేయంత సాలెపురుగు దిగింది. ఇంటి మూలల్లో బూజు అల్లుకొని బతికే సన్నకాళ్ళ సాలెపురుగు కాదు అది. బూడిదరంగు ఒళ్ళు, ఒంటి నిండా వెంట్రుకలు, లావు కాళ్ళు. అది నడుస్తుంటే కాళ్ళు ఒక్కొక్కటి విడివిడిగా, తీరిగ్గా పైకి లేచి కిందికి దిగేవి. అప్పుడే మజ్జిగ గ్లాసుతో లోపలికి వచ్చిన అవ్వ దాన్ని చూసి, గ్లాసు కింద పడేసి, గడప దగ్గరున్న చెప్పు అందుకుంది.

"అత్తమ్మా, గిదేందో సూడుండ్రి!"

నాయినమ్మ వచ్చి ముందు సాలెపురుగును కాదు, అవ్వ చేతిలో చెప్పును చూసింది.

"చెప్పు కింద వెట్టు పద్మా! తల్లి ఇంట్ల ఉన్నప్పుడు పానం తీస్తవా?"

"పిల్లలున్నరు గదా అత్తమ్మా. గరిస్తే ఎట్ల?"

వాళ్ళ గొంతులకో, అడుగుల అదురుకో అది ఆగిపోయి, ముందుకాళ్ళు రెండూ గాల్లోకి ఎత్తింది. ఆ కాళ్ళ లోపలి వైపు నిగనిగలాడే పసుపురంగు పట్టీలు కనిపించాయి. చెట్టుతొర్రల్లో ఉండే ఈ జాతి సాలెపురుగు భయపడితే అలా కాళ్ళెత్తి బెదిరిస్తుందని, అది కరిస్తే ఆ చెయ్యో కాలో వాచిపోయి కండరాలు రోజుల తరబడి పీకుతాయని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ కొమ్మతో పాటే, ఆ తొర్రలోంచే మా ఇంట్లోకి వచ్చి ఉంటుందని తెలుసుకోవడానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు. కానీ నాయినమ్మ ఆ కాళ్ళు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"సూడు, సూడు. కాళ్ళకు పసుపు వూసుకోని అచ్చింది. పురుగైతే పసుపు ఏడికెల్లి అస్తది?" అని చెంపలు వేసుకుంది.

చంపడానికి లేదు. తరమడానికీ లేదు, పసుపుకాళ్ళతో వచ్చిన తల్లిని తనంతట తాను దిగకముందే గడప దాటించే ధైర్యం నాయినమ్మకు లేదు. పిల్లల మధ్య దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వడానికి అవ్వకు ప్రాణం ఒప్పలేదు. కోడలు ఎదురు చెప్పే ఇల్లు కాదు కాబట్టి గట్టిగా ఏమీ అనలేదు, నా మంచానికీ గోడకూ మధ్య నిలబడి మాత్రం కదల్లేదు. చివరికి అది నేల మీదికి దిగినప్పుడు అవ్వ వంటింట్లోంచి అన్నం వండే ఇత్తడి గంజు తెచ్చి దాని మీద బోర్లించింది. నాయినమ్మ అడ్డుపడలేదు, మూసి పెట్టడం చంపడం కాదు గదా. గంజు జరగకుండా దాని మీద సన్నెకల్లు పొత్రం ఎత్తి పెట్టింది అవ్వ. సాయంత్రానికల్లా నాయినమ్మ ఆ గంజుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు దీపం వెలిగించింది.

అలా నా మంచానికి చేయి చాస్తే అందేంత దూరంలో అది గంజు కింద, నేను వేపకొమ్మ కింద. తల్లి దిగితే తప్ప ఇద్దరిలో ఎవరికీ విడుదల లేదు. ఆ ఇత్తడి లోపల అది తిరుగుతున్నప్పుడు వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది, ఎండుటాకు మీద గోరుతో గీరినట్టు సన్నగా, ఆగి ఆగి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వచ్చేది. నేను కాళ్ళు ముడుచుకొని, దుప్పటి అంచులు ఒంటి కిందికి దోపుకొని పడుకునేదాన్ని. పొక్కులు ఒరుసుకొని మంట పెట్టినా కాలు మంచం బయటికి చాచలేదు. చిన్నోణ్ణి ఆ అర్రలోకి రానివ్వకుండా కాపలా కాయడమే అవ్వకు పెద్ద పని అయింది. వాడికేమో ఆ గంజు కింద ఏముందో చూడాలి. చంకలో ఎత్తుకుంటే అటే వంగేవాడు, దించితే అటే పరిగెత్తేవాడు.

కబురు గల్లీకి పాకింది. లోపలికి రాకూడదు కాబట్టి ఆడవాళ్ళు గడప అవతల నిలబడి, తలుపు సందులోంచి గంజును చూసి దండం పెట్టుకొని పోయేవాళ్ళు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో తమ కూతురికి పెళ్ళి కుదరాలని మొక్కారు. ఆ దండాలు కొన్ని నా మీదుగా పోయేవి, తల్లి నా ఒంటి మీద కూడా ఉంది కదా. ఏడేళ్ళ పిల్లకు దండాలు పెడుతున్న పెద్దవాళ్ళను చూస్తే ముందు గొప్పగా ఉండేది, తరవాత భయం వేసింది. నేను ఏడిస్తే ఎవరూ దగ్గరికి రారు, దణ్ణం పెడతారంతే.

ఉగాదినాడు మా ఇంట్లో పెరుగన్నం. పక్కింటి పెనం మీంచి భక్ష్యాల వాసన గోడ దాటి, వేపాకు చేదును కూడా దాటి నా మంచం దాకా వచ్చింది. ఆ పూటే మా మేనమామ సిరిసిల్ల నుంచి బస్సు దిగి, సంచీలో పండ్లు, అమ్మమ్మ పంపిన భక్ష్యాలు తెచ్చాడు. గడప దగ్గరే ఆపేశారు. పండ్లు తీసుకున్నారు గానీ, పెనం ఎక్కిన తిండి కాబట్టి భక్ష్యాల మూట ఆయనకే తిరిగి ఇచ్చేశారు. అక్కడి నుంచే సంగతి విని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"అక్కా, గా పొత్రంతోనే ఒక్కటెయ్యక, బొట్లు వెట్టి మొక్కుతున్నరా?"

"నీ సిరిసిల్ల తెలివి నీ దగ్గర్నే వెట్టుకో కొడుకా," అంది నాయినమ్మ. "పిల్లకేమన్నయితే నువ్వు తెచ్చిస్తవా?"

మామ తిరిగిచ్చిన మూటను సంచీలో పెట్టుకున్నాడు. అవ్వ గడప లోపల, ఆయన గడప బయట. ఆయన చెప్పులు వేసుకుంటుంటే అవ్వ, "నన్ను, పిల్లలను తోలుకపోరాదురా," అని చిన్నగా అంది. ఒంటి మీద తల్లి ఉన్న పిల్లను బస్సెక్కించడం కుదరదని ఆమెకూ తెలుసు. మామ తలదించుకొని వెళ్ళిపోయాడు.

తరవాత గంజు లోపలి చప్పుడు ఆగిపోయింది. అది ఆగిన సంగతి నాకు వెంటనే తెలియలేదు, జ్వరంలో నిద్రకూ మెలకువకూ తేడా లేకుండా పడి ఉన్నాను. తెలిశాక ఇంకా భయమేసింది. తిరుగుతున్నప్పుడు ఎక్కడుందో తెలిసేది, ఇప్పుడు అది లోపల నిశ్శబ్దంగా కూర్చొని నా ఊపిరి వింటోందనిపించింది. నాయినమ్మ మాత్రం తల్లి శాంతపడిందని సంబరపడింది. కానీ ఆ సాయంత్రమే నా జ్వరం బాగా పెరిగింది. కొత్త పొక్కులు లేచాయి, ఒకటి ఎడమ కంటిలో లేచింది. కన్ను మూసుకుపోయింది. నాయినమ్మ అవ్వను ఎదురుగా నిలబెట్టుకొని అడిగింది.

"పోపు వెట్టినవా? తల దువ్వినవా? ఎవలకన్న ఉప్పు గిప్పు ఇచ్చినవా? తప్పు జరగకపోతే తల్లి కంట్ల ఎందుకు పోస్తది?"

"ఏం జెయ్యలే అత్తమ్మా," అంది అవ్వ.

జగిత్యాలకు తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపిస్తానని అవ్వ ఆ ఒక్క విషయంలో మాత్రం ఏడ్చి అడిగింది. తలస్నానం కాకుండా గడప దాటొద్దని నాయినమ్మ ఒప్పుకోలేదు. అవ్వ అన్నం మానేసింది. రోజూ పొద్దున్నే ఆ గంజుకు పసుపు రాసే పని నాయినమ్మ దగ్గర్నుంచి తనే తీసుకుంది. నా వైపు తిరగకుండా, గంజు ముందు నేల మీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయేది. నాకోసం మొక్కుతోందని అనుకునేదాన్ని.

చివరికి పొక్కులు ఎండి, పొట్టు రాలి, నాయినమ్మ చూసి తల్లి దిగిందని చెప్పింది. వేపాకు, పసుపు వేసి ఎండలో పెట్టిన నీళ్ళతో వాకిట్లో నాకు తలంటు పోశారు. ఎన్నాళ్ళకో ఒంటి మీద ఎండ పడింది, ఒంటికన్నుతో చూస్తే వాకిలంతా తెల్లగా మండుతున్నట్టుంది. తరవాత గంజు ఎత్తే వేళ వచ్చింది. గల్లీ ఆడవాళ్ళంతా ఇప్పుడు లోపలికి రావచ్చు కాబట్టి అర్ర నిండా చేరారు. నాయినమ్మ పొత్రం దించి, హారతి చూపించి, కళ్ళు మూసుకొని గంజు పైకెత్తింది.

కింద ఏమీ లేదు.

నాయినమ్మ, "పోయింది! తల్లి ఎట్లచ్చిందో గట్లనే పోయింది!" అని ఏడుస్తూ నేల మీద పడి మొక్కింది. ఆడవాళ్ళంతా మొక్కారు. ఆ ఉత్త నేలను పసుపు కుంకాలతో నింపేశారు. నేను మాత్రం గోడకు అతుక్కుపోయాను. నాకు తెలుసు, అది తల్లీ కాదు, మాయమూ కాలేదు, ఇంట్లోనే ఎక్కడో ఉంది. ఎక్కడ?

ఆ ప్రశ్నతోనే నా చిన్నతనం మిగతాదంతా గడిచింది. చెప్పులు దులపకుండా కాలు పెట్టలేదు. గౌను తిరగేసి, జేబులు తిరగేసి, అప్పుడు తొడుక్కునేదాన్ని. బడి సంచీలో చెయ్యి పెట్టేముందు కర్రతో పొడిచేదాన్ని. నీళ్ళగోలెం వెనక్కి బంతి పోతే ఆట ఓడిపోయినట్టు ఒప్పుకొని వచ్చేసేదాన్ని. పడుకుంటే కాళ్ళు చాచడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, పెళ్ళయిన కొత్తలో మా ఆయన దానికి ఎంత నవ్వాడో చెప్పలేను. విచిత్రం ఏమిటంటే, దాన్ని చూసి అందరికంటే ముందు చెప్పెత్తిన అవ్వ ఇల్లంతా వెతకనే లేదు. బొంతలు దులపలేదు, గుమ్మి వెనక చూడలేదు. చిన్నోణ్ణి తీసుకొచ్చి అదే అర్రలో, అదే నేల మీద పడుకోబెట్టింది. నేను భయపడుతుంటే "ఏం లేదు బిడ్డా, పండుకో," అనేది. మా అవ్వకు ఎంత ధైర్యమో అనుకునేదాన్ని. నా ఎడమకంటి చూపు మాత్రం మసకగానే మిగిలింది. జగిత్యాల డాక్టరు ముందే తేవాల్సిందని మందలించి చుక్కలమందు రాసిచ్చాడు. ఆయన మందలించింది అవ్వను. నాయినమ్మ బయట బెంచీ మీద కూర్చొని పొగాకు నములుతోంది.

ఇదంతా స్వప్న కొమ్మ తీసుకొని వెళ్ళిన ఆ సాయంత్రం నవ్వుకుంటూ అవ్వకే గుర్తు చేశాను. "అది ఎటు పోయిందో కానీ అవ్వా, నన్ను మాత్రం సగం చంపి పోయింది," అన్నాను. అవ్వ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. చేతులు ఆగాయి.

"అది పోలే బిడ్డా. నేనే సంపిన."

నాకు ముందు అర్థం కాలేదు.

"మీ నాయినమ్మ మన గల్లి పోచమ్మ గుడికాడ సాక నీళ్ళు వొయ్య పోయింది," అంది, ఈనెల వైపే చూస్తూ. "నువ్వు జరంతోని సోయి లేకుంట పన్నవు. నేను వాకిట్ల నీళ్ళు ముంచుతున్న. దబ్బున సప్పుడైతె ఉరికచ్చిన. చిన్నోడు పొత్రం దొబ్బి, గంజు లేవట్టిండు. అది సగం బయటికచ్చింది. వాని ఏలుకు, దానికి నడుమ ఇంతంత ఎడం గూడ లేదు. కింద వడ్డ పొత్రం లేపి కొట్టిన. మల్ల దాన్ని ఊడ్సి పొయ్యిల ఏసి, నేల తుడిసి, గంజు ఎప్పటిలెక్క బోర్లిచ్చి బొట్లు వెట్టిన."

నాకు కోపమొచ్చింది. దాచడం ఎందుకు, నిజంగా కోపమొచ్చింది. ఆ ఖాళీ గంజును చూసి నేను వణికిన వణుకు, తరవాత ఏళ్ళ తరబడి దులిపిన చెప్పులు, ముడుచుకున్న కాళ్ళు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. "నాకన్నా చెప్పొచ్చు గదా!" అని అరిచాను.

"జెప్తె నువ్వు నాయినమ్మకు జెప్పకపోదువా?"

చెప్పేదాన్ని. చిన్న బెల్లం ముక్క చేతిలో పెడితే అన్నీ చెప్పేసేదాన్ని. నా కోపం అక్కడే చల్లారిపోయింది. అవ్వ ఆగలేదు.

"కొట్టేదాంక నువ్వు గాడ ఉన్నవన్న సోయే లేకపాయె బిడ్డా. కొట్టినంక నీ దిక్కు సూసిన. గప్పుడు యాదికచ్చింది, తల్లి నీ మీద ఉన్నదని. పొద్దుమీకినంక నీకు జరమెక్కింది. కంట్ల పోసింది. వాన్ని కాపాడుకోని నిన్ను ఒదిలిపెట్టిన గదా అనుకున్న. ఇగ నువ్వు దక్కవనుకున్న."

ఆ గంజు ముందు తల ఆనించి ఆమె ఎన్ని పొద్దులు అలా ఉందో అప్పుడు నాకు అర్థమైంది. కిటికీ లేని అర్రలో చిక్కుకున్నది నేనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు తలంటు పోసి బయటికి తెచ్చారు, ఆమెను ఎవరూ తేలేదు. నా ముఖం వైపు చూసినప్పుడల్లా ముందు ఎడమకన్నే చూసే ఆమె అలవాటు నాకు తెలుసు, కారణం అప్పటిదాకా తెలియదు.

అది వైరస్ అవ్వా, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు, ఇప్పుడు టీకా కూడా ఉంది, సాలెపురుగుకూ నా కంటికీ ఏ సంబంధమూ లేదు అని ఓపిగ్గా చెప్పాను. డాక్టర్లు చెప్పినప్పుడు ఊపినట్టే తలూపింది. "నేనైనా చిన్నోని దిక్కే ఉరుకుదును," అన్నాను.

"నువ్వనకు బిడ్డా. గా మంచంల పన్నదానివి నువ్వు."

చిన్నోడు ఇప్పుడు కరీంనగర్‌లో కార్లు అమ్మే దుకాణంలో మేనేజరు, బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి, వాడికి ఇదేదీ తెలియదు. కోరుట్ల ఇల్లు పడగొట్టి షట్టర్లు కట్టారు, లోపలి అర్ర ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. ఆ తొర్రల వేప రోడ్డు వెడల్పులో పోయింది. పైన ఆటలమ్మ పోసిన పిల్ల ఉన్న ఇంట్లోంచే ఆ సాయంత్రం వెల్లుల్లి పోపు వాసన ఘుమఘుమలాడుతూ దిగింది, ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ నియమాలు ఉండేవని కూడా స్వప్నకు తెలియదు, తెలియకపోవడమే మంచిదని నేను అనుకుంటాను.

అవ్వ ఈనెలన్నీ ఒళ్ళోంచి ఎత్తి పేపరులో మూట కట్టింది. తరవాత, నాతో కాదన్నట్టు అంది:

"ముసల్ది ఉండంగ జెప్పకపోతి. జెప్తె జుట్టు వట్టి గుంజి, గల్లి గల్లంత ఇనవడేటట్టు తిట్టేది. తిట్టి, తెల్లారి తనే పోయి, కోడలుపిల్ల తప్పు జేసిందమ్మా అని తల్లికి మొక్కి అచ్చేది. గంతట్ల ఆ తప్పు ఒడుసుపోయేది. ఇగ గిప్పుడు నన్ను తిట్టెటోళ్ళు ఎవలున్నరు?"